మోటు పాటయు మన శ్రోతలును

మన యిండ్లలో పాటను వినుటకు ముందు గొంతును విచారించు ఆచార మొకటి కలదు. శారీరము మధురమైనదా, శ్రుతి కలిసినదా, ఉచ్చారణ శుద్ధముగా నున్నదా యని అడుగుదుము. పాడువాడు ఏమి చెప్పుచున్నాడను ప్రశ్న ఆ తరువాతిది. పెక్కుసారులు ఆ ప్రశ్న వచ్చుటయే లేదు. ఈ యాచారము యొక్క మంచిచెడ్డలను మేము చిరకాలము తలపోయలేదు. ఇటీవల మారేడ్‌పల్లిలో ఒక మిత్రుని యింట గడచిన సాయంకాలము మమ్ము తలపోయునట్లు చేసినది.

ఆ మిత్రుడు రైల్వేలో ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొనినవాడు. త్యాగరాజ కృతులన్న ప్రాణము పెట్టువాడు. ఆయన కుమారుడు అమెరికాలో చదివి వచ్చి, అచ్చట తనకు ప్రియమైన ఒక ఆల్బమును ఇంటిల్లిపాదికి వినిపించెను. అది ‘అంకుల్ టుపెలో’ అను బృందము 1990లో వెలువరించిన ‘నో డిప్రెషన్’. పాటలు పదమూడు. గిటార్లు గరగరలాడినవి, డ్రమ్ములు పరుగెత్తినవి, గాయకుని గొంతులో తేనెకు బదులు జీర వినిపించినది. అరగంట గడచునప్పటికి సభ మూడు పక్షములైనది. మిత్రుడు, “ఇది పాటయా, పేచీయా?” అనెను. యువకులు, “ఎంత నిజముగా నున్నదో చూచితిరా!” అనిరి. ఎనుబది యేండ్లు దాటిన వారి మామ్మగారు, ఇంగ్లీషు ఒక్క ముక్కయు రానివారు, మూలనున్న కుర్చీలోనుండి, “ఎవడో పని చేసి అలిసొచ్చినోడు పాడుతున్నట్టున్నది నాయనా. వానికింత అన్నం పెట్టేదెవరో!” అనిరి.

ఆ రాత్రి మేము ఇంటికి వచ్చిన పిదపను ఈ మూడు తీర్పులు మమ్ము విడువలేదు. వానిలో సరియైనది ఏదో తేల్చుకొనవలెనని ఆ పాటలను మరి కొన్నిమారులు వింటిమి. ఇచ్చట వ్రాయునది ఆ శ్రవణ ఫలము.

మొదట ఆ బృందమును గూర్చి రెండు మాటలు. ఇలినాయ్ రాష్ట్రమున, మిసిసిపీ నదికి ఇవల సెంట్ లూయీ నగరము ఎదుట, బెల్‌విల్ అను ఊరు కలదు. బొగ్గుగనులును, ఇనుప పొయ్యిలు చేయు కర్మాగారములును ఒకప్పుడు ఆ ఊరికి తిండిపెట్టినవి. అవి క్షీణించిన కాలమున పెరిగిన పిల్లలు జే ఫరార్, జెఫ్ ట్వీడీ, మైక్ హైడోర్న్. 1990 జనవరిలో వీరు బోస్టన్ నగరమునకు పోయి, పది దినములలో, మూడువేల అయిదువందల డాలర్ల వ్యయముతో ఈ ఆల్బమును ముగించిరి. ఫరారునకును ట్వీడీకిని అప్పటికి ఇరువదిమూడేండ్లు మించలేదు. ఆ స్వల్ప ధనము, ఆ స్వల్పకాలము పాటలలో వినబడుచునే యున్నవి. అందు మెరుగు పెట్టుటకు వ్యవధి లేదు. మెరుగు పెట్టవలెనన్న కోరికయు వారికి ఉన్నట్లు తోపదు.

‘కంట్రీ’ యనగా అమెరికా పల్లెపట్టుల సంగీతము. ‘రాక్’ నగర యువకుల ఉద్ధతమైన వాద్యఘోష. ఈ రెంటిని కలుపుట వీరితో మొదలు కాలేదు. అంతకు ఇరువది యేండ్లకు పూర్వమే ఆ పని చేసినవారు కలరు. అయితే వీరు కలిపినది పంక్ అను మరింత మొరటు రాక్‌ను. దీనికి తరువాతి కాలమున ‘ఆల్టర్నేటివ్ కంట్రీ’ యను పేరు స్థిరపడినది. 1995లో ఈ తరహా సంగీతమునకై అమెరికాలో ఒక పత్రిక పుట్టగా దానికి ఈ ఆల్బము పేరే పెట్టిరి. ఆ పేరును వీరును మరియొకరి నుండియే గ్రహించిరి. 1936లో, ఆర్థిక మాంద్యము పేదలను నలిపివేయుచున్న దినములలో, కార్టర్ కుటుంబమువారు పాడిన భక్తిగీత మొకటి కలదు. స్వర్గమున ఈ మాంద్యము ఉండదని దాని భావము. ఏబదినాలుగేండ్లకు పిదప ఈ యువకులు ఆ పాటనే తిరిగి పాడి, ఆల్బమునకు దాని పేరు పెట్టిరి. ముందరి తరము ఆకలికిని తమ తరము నిరుద్యోగమునకును ఒక్క పాటతో ముడివేసిరి.

ఇక సంగీతము. మా మిత్రుడు పేచీ యన్నది అకారణముగా కాదు. ఒక పాట పరుగెత్తుచు పరుగెత్తుచు హఠాత్తుగా నిలిచిపోవును. రెండు క్షణముల మౌనము. పిదప వేరొక నడకలో బయలుదేరును. కర్ణాటక సంగీతమునకు అలవాటుపడిన చెవికి ఇది తాళము తప్పుట వలె తోచును. అది తప్పుట కాదు. మన పల్లెలలో డప్పు వాయించువారు ఒక దరువు నుండి మరియొక దరువునకు మారునప్పుడు వాయిద్యమును ఒక్కసారిగా తుంచి, చూపరుల గుండెను పట్టి, తిరిగి అందుకొందురు గదా, ఇదియు అట్టిదే. ‘విస్కీ బాటిల్’ అను పాటలో పెడల్ స్టీల్ గిటారు అను వాద్యము వినబడును. మన గోటువాద్యమున తంత్రులపై కొయ్యను జార్చి స్వరములను సాగదీసినట్లే అందులో ఇనుప కడ్డీని జార్చి సాగదీయుదురు. ఆ సాగుదలలో పల్లెవాని శోకము కలదు. దాని వెనువెంటనే పల్లవిలో గిటార్లు విరుచుకొనిపడును. దుఃఖము, కోపము ఒక్క మనుష్యునియందే ఒక్క గడియలోనే ఉండునని ఆ రెండు ధ్వనులు చెప్పుచున్నవి. ఇది మోటుతనము కావచ్చును. అజ్ఞానము మాత్రము కాదు.

పాటల విషయములు ఇంకను గమనింపదగినవి. రాత్రి పాళీలో పనిచేయువాని విసుగు ఒకదానిలో, కర్మాగారపు పట్టీకి కట్టుబడి బ్రతుకు అరిగిపోవునన్న భయము ఒకదానిలో ఉన్నవి. ‘ట్రెయిన్’ అను పాటలో ఇరువదియొక్క యేండ్ల యువకుడు రైలుగేటు వద్ద ఆగిపోవును. యుద్ధసామగ్రిని మోసికొని పోవుచున్న సుదీర్ఘమైన రైలు అతని యెదుట సాగిపోవుచుండును. చదువు మానిన ఆరోగ్యవంతుడను గనుక యుద్ధమే వచ్చినచో చచ్చువారిలో నేనే మొదటివాడనేమో యని అతడు జంకును. ఈ ఆల్బము 1990 జూన్‌లో వెలువడినది. ఆగస్టులో ఇరాక్ సేన కువైట్‌పై పడినది. మరుసటి జనవరిలో అమెరికా యుద్ధమునకు దిగినది. ఆ యువకుని భయము ఊహామాత్రము కాలేదు. సికిందరాబాదు వాసులకు ఈ పాటను వ్యాఖ్యానింప పనిలేదు. దండుపేరనే పుట్టి పెరిగిన ఊరు మనది. ఒక ప్రక్క కంటోన్మెంటు, ఒక ప్రక్క లాలాగూడ రైల్వే కర్మాగారము. సామగ్రిరైలు పోవువరకు గేటు కడ నిలువని వారు మనలో నెందరు? కాని నిలిచి యున్నప్పటి తలపులను పాటగా కట్టవచ్చునని మనకు తోచలేదు.

మద్యపానమును గూర్చి సంస్కారప్రియులైన చదువరులు అడుగక మానరు. ఈ ఆల్బమున మద్యము పలుమారులు వచ్చును. ‘విస్కీ బాటిల్’ దైవమునకు బదులు సీసాను తాత్కాలికముగా ఆశ్రయించినవాని గోడు. ఇట్టి పాటలు మా యింటి బాలుర చెవిని పడవచ్చునా యని కొందరు తల్లిదండ్రులు మమ్మడిగిరి. మా సమాధాన మిది. పాటలో మద్యము వచ్చుట వేరు, మద్యమును పొగడుట వేరు. మన సినిమాలలో నాయకుడు సీసా పట్టి నలువురు నర్తకులతో గంతులు వేయునప్పుడు మద్యమునకు పొగడ్త జరుగుచున్నది. దానిని పండుగనాడు పిల్లలతో కూర్చుండి చూచుచున్నాము. ఇచ్చట పొగడ్త లేదు. త్రాగినవానికి సుఖము కలిగినట్లు ఒక్క పాటయు చెప్పదు. పని లేనితనము, చిన్న ఊరి విసుగు, రేపటిపై నమ్మకము పోవుట, ఇవి మనుష్యుని సీసా కడకు ఎట్లు నడుపునో చూపుట మాత్రమే కలదు. మద్యనిషేధోపన్యాసములు పది విన్నను బోధపడని కారణము ఈ కొలది నిమిషములలో బోధపడినచో, సంస్కర్తకు ఈ పాట శత్రువు కాదు.

అయినను మామ్మగారి రెండవ వాక్యము ఇచ్చట ఈ ఆల్బమునకు అడ్డుతగులును. వానికి అన్నము పెట్టునది ఎవరు? పదమూడు పాటలను మరల మరల విన్నను అందులకు ప్రత్యుత్తరము లేదు. త్రాగువాని గొంతు కలదు. అతడు ఇల్లు చేరువరకు దీపము పెట్టుకొని కూర్చుండునామె గొంతు లేదు. ఇదే బృందము 1992 మార్చిలో అయిదు దినములలో మరియొక ఆల్బమును ముగించెను. అందు ‘మూన్‌షైనర్’ అను ప్రాచీన జానపదగీత మున్నది. దొంగసారా కాచి త్రాగి బ్రతుకు గడపినవాని స్వగతము అది. అతి నెమ్మదిగా, అతి దీనముగా ఫరార్ దానిని పాడెను. ఆ 1992లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా వాచకమున ‘సీతమ్మ కథ’ చదువుకొన్న స్త్రీలు రోశమ్మ మున్నగువారి నాయకత్వమున సారా దుకాణముపైకి నడచిరి. ఆ నడక జిల్లాలు దాటి పాకి, 1995 జనవరిలో రాష్ట్రమంతట మద్యనిషేధమునకు దారితీసినది. ఆ నిషేధము 1997లో సడలిపోయినది. దాని జయాపజయముల చర్చ ఇచ్చట అప్రస్తుతము. మేము చెప్పదలచిన దొకటే. ఒకే సీసాకు రెండు ప్రక్కలు కలవు. అమెరికా పాటలో మనము వినుచున్నది ఒక ప్రక్క. దూబగుంటలో వినబడినది రెండవ ప్రక్క. రెండవది వినక మొదటిదాని యందలి దైన్యమునకు కరగిపోవు శ్రోత సగము పాటనే విన్నవాడు. ఈ లోపము ఆల్బమునకు చిన్న లోపము కాదు. శ్రామికుని బ్రతుకు చెప్పెదనన్న కళ, ఆ బ్రతుకులో సగమైన స్త్రీని తలుపు వెలుపల నిలిపినది.

మరియొక లోపమును కూడ చెప్పవలెను. ఇరువదిరెండేండ్ల వయసున అరువదేండ్ల అలసటను అభినయించుట సులభము కాదు. కొన్ని పాటలలో ఆ అలసట ఎరువు తెచ్చుకొన్నదిగా వినబడును. చివరి పాటలకు వచ్చునప్పటికి నిస్పృహ కూడ ఒక అలవాటైపోయి, ఒకదానికొకదానికి భేదము తగ్గును. కాని వీరు తమ ఊరిని విడిచి ఇతరుల దుఃఖమును వెదకికొని పోలేదు. తాము చూచిన వీధిని, తాము ఎరిగిన పనివారిని చెప్పిరి. ఎరువు సొత్తు కొంత యున్నను మూలధనము స్వంతమే.

ఇంతవరకు ఆల్బమును విచారించితిమి. ఇక శ్రోతలమైన మనలను విచారించుకొనవలెను. అసలు బాధ ఇచ్చటనే యున్నది.

ఆ సాయంకాలము “ఎంత నిజముగా నున్నదో” యని ముచ్చటపడిన యువకులున్న ఆ యింటనే, అంతకు కొలది మాసములకు పూర్వము ఆషాఢమున లష్కర్ బోనాల డప్పులు వీధిని సాగిపోవుచుండగా కిటికీలు మూసిరి. మేమును అప్పుడు అచ్చట నుంటిమి. మూయుటకు మేమే లేచితిమని ఒప్పుకొనుచున్నాము. మాటలు వినబడుట లేదని కారణము చెప్పితిమి. బెల్‌విల్ యువకుని గొంతులోని జీర మాకు నిజాయితీగా తోచినది. మన వీధిలోని డప్పు మాకు గోలగా తోచినది. ఆ గోలకును ఈ నిజాయితీకిని భేదము ధ్వనిలో లేదు. ఒకటి ఏడు సముద్రముల కావల నుండి, ఖరీదైన స్పీకర్ల ద్వారా, చదువుకొన్న కుర్రవాని సిఫారసుతో వచ్చినది. రెండవది మన వాకిటికే, మనము కులము పేరున దూరము పెట్టినవారి చేతులతో వచ్చినది. దూరపు పేదవాని పాట మనలను ఏమియు అడుగదు. దగ్గరి పేదవాని పాట లెక్క అడుగును. అందుచేత మొదటిది కళ, రెండవది గోల యైనవి.

మారేడ్‌పల్లికి కొన్ని మైళ్ల దూరముననే అల్వాల్ కలదు. గద్దర్ అను పేరున లోకమెరిగిన గుమ్మడి విఠల్ రావుగారు చిరకాలము అచ్చట నివసించి, 2023 ఆగస్టు 6వ తేదీన మరణించి, తాము స్థాపించిన పాఠశాల ఆవరణముననే సమాధియైరి. 1972లో ఏర్పడిన జననాట్యమండలితో ఆయన పాట ఊరూర తిరిగినది. భుజమున గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేత కర్ర. ‘మా భూమి’ చిత్రమున బండి యాదగిరి కట్టిన పాటను ఆయన పాడుచు ఆడిన దృశ్యమును చూచినవారు ఆ గొంతును మరువలేరు. ఆయన నడచిన రాజకీయ మార్గముతో ఏకీభవింపని వారు పెక్కురు. ఆ మార్గమును ఆయనయే తుదకు మార్చుకొనెను. అది వేరు చర్చ. గొంతులో జీర, మాటలో మట్టి, దరువులో పరుగు, శ్రామికుని కోపము, ఇవియే గుణములని అమెరికా ఆల్బమును మెచ్చుకొను శ్రోత, అవే గుణములు తన యింటికి కొన్ని మైళ్లలోనే యున్నప్పుడు ఎన్నిమారులు పోయి వినెను? నేడు తెలంగాణ ప్రభుత్వము సినిమా బహుమానములకు ఆయన పేరు పెట్టినది. గొంతు ఆగిన పిదప గౌరవించుట మనకు అలవాటే.

ఈ తప్పు మనకొక్కరికే చెందదు. అమెరికాలోను 1920ల నాటి గ్రామఫోను కంపెనీలు నల్లవారి పాటలకు ఒక పట్టిక, తెల్ల పల్లెవారి పాటలకు వేరొక పట్టిక అచ్చువేసి అమ్మినవి. పాటలు మాత్రము ఆ గోడను లెక్కచేయలేదు. ‘నో డిప్రెషన్’ ఆల్బము తుది పాట ‘జాన్ హార్డీ’. 1894లో వెస్ట్ వర్జీనియాలో ఉరితీయబడిన నల్లజాతి కూలివానిపై పుట్టిన గీతము. దానిని తెల్లవారైన కార్టర్ కుటుంబమువారు 1928లో పాడిరి, నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ పాడెను. పల్లెపల్లె తిరిగి పాటలు సేకరించిన ఏ. పి. కార్టర్ వెంట నడచి, రాగములను జ్ఞాపకముంచుకొన్నవాడు లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారు వాద్యకారుడు. కుటుంబము పేరు దేశమంతట మ్రోగినది. అతని పేరు రికార్డుపై లేదు. కంట్రీ సంగీతమునకు ప్రాణమైన బాంజో వాద్యమే ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి కానుక. మన దేశమున ఇట్టి పట్టికలను కంపెనీలు అచ్చువేయనక్కరలేదు; అవి మన మనస్సులలో అచ్చుపడియే యున్నవి.

సంస్కర్తలమని చెప్పుకొను మనవంటి కుటుంబముల బాధ్యత ఇందు అధికము. పందొమ్మిదవ శతాబ్ది తుదిని మన పెద్దలు భోగముమేళముల నిషేధమునకు పూనుకొనిరి. అందలి సదుద్దేశమును మేము శంకింపము. కాని ఆ యూపులో పాటను శుభ్రము చేయుటయే సంస్కారమను భావము మన యిండ్లలో నిలిచిపోయినది. మోటుపదము చెడ్డపదమైనది, మోటుగొంతు చెడ్డనడత యైనది. గిడుగు రామమూర్తిగారు వ్యవహారభాషకై పోరాడి జనుల మాటకు పుస్తకమున చోటిప్పించిరి. జనుల గొంతుకు మన సావడిలో చోటిప్పించు పని ఇంకను మిగిలియున్నది. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములపై పరిశోధించి గ్రంథము రచించిరి. ఆ గ్రంథము మన బీరువాలో నుండవచ్చును, ఆ పాట మన చెవిలో లేదు.

మేము యువకులను ఆ ఆల్బమును వినవద్దని చెప్పము. వినవలెను. బాగుగా వినవలెను. మోటుతనము నాణెముగా చెల్లునన్న ధైర్యము అది ఇచ్చును. అయితే వినుటకు మూడు నియమములు పెట్టుకొనుట మంచిదని తోచుచున్నది. గొంతును విచారించుటకు పూర్వము మాటను విచారింపవలెను. పాడువానితో పాటు పాడనిది ఎవరో అడుగవలెను. దూరమున మెచ్చుకొన్న గుణమును దగ్గర వెదకి, అచ్చట మెచ్చుకొనలేకపోయినచో తప్పు పాటదా తమదా యని తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను.

తరువాతి ఆదివారము మేము మరల ఆ యింటికి పోతిమి. ఆ కుర్రవాడు మామ్మగారి కడకు పోయి, “నీకు వచ్చిన పాట చెప్పు మామ్మా” యని అడిగెను. ఆమె చాలసేపు సిగ్గుపడి, చిన్నతనమున తెల్లవారుజామున తల్లితో కూడి తిరుగలి త్రిప్పుచు పాడిన పాటను ఎత్తుకొనిరి. మధ్యమధ్య మాటలు మరచిపోయిరి. శ్రుతి నిలువలేదు, గొంతు రెండుమూడుచోట్ల పలికినది కాదు. అందులో ఒక కోడలు అత్తింటి పనిని లెక్కపెట్టుచున్నది. ఏబదియేండ్లు ఆమెతో ఒకే కప్పు క్రింద నున్న మా మిత్రుడు ఆ పాటను అంతకుముందు ఎన్నడును విని యుండలేదు. కుర్రవాడు తన ఫోనులో దానిని పట్టుకొనెను.

ఈ వ్యాసము చదువువారిలో పెక్కురి యిండ్లలో అట్టి మామ్మగారు, నాయనమ్మగారు ఉందురు. వారు సంకోచింతురు, గొంతు పోయినదందురు. పోయిన గొంతుతోనే పాడింపవలెను. పనులు చేయ వచ్చువారిని, కూరగాయల బండి నడపువారిని కూడ, వారి వీలునెరిగి, గౌరవముతో అడుగవలెను. వచ్చు ఆషాఢమున డప్పులు మన వీధిని పోవునప్పుడు కిటికీ తెరచియుంచుటకు ఖర్చేమియు లేదు.